నర్సమ్మ లారీకి రెండు బ్యాటరీలు

ఉప్పెన వచ్చిన రెండు నెలలకి, జనవరి ఆఖర్లో, ఒక లారీ వచ్చి బందరులో మా కొట్టు ముందు ఆగింది. ముందు నుంచి చూస్తే లారీయే. వెనక మాత్రం తొట్టి తీసేసి చెక్కలతో గది కట్టారు. గదికి కిటికీ, కిటికీకి పువ్వుల తెర. లోపల పడుకోవడానికి రెండు బల్లలు, కిరసనాయిలు స్టవ్వు, మందుల బీరువా, ఒక ట్యూబులైటు, చిన్న ఫాను.

డ్రైవరు చిన్నబాబు దిగుతూనే, "మేస్త్రీ, బంగళా తెచ్చాను. అద్దెకుంటారా?" అన్నాడు.

వెనక తలుపు తీసుకుని నర్సమ్మ దిగింది. పేరు సంతోషమ్మ. దివిసీమలో ఊరూరా తిరిగి వైద్యం చెయ్యడానికి ఒక మిషన్ వాళ్ళు ఆమెకి ఆ లారీ ఇచ్చారట. వండుకోవడం, పడుకోవడం అన్నీ అందులోనే.

"సాయంత్రం లైటేసి కట్లూ సూదులూ చూస్తామండీ," అంది మా ఆయనతో. "రెండు గంటలు లైటు వెలిగిందంటే పొద్దున్న ఇంజను లేవదు. రోజూ ఊళ్ళో వాళ్ళొచ్చి తోస్తున్నారు. తిండి లేని మనుషుల చేత లారీ తోయించడం పాపం కాదా మీరా గారూ?"

మా ఆయన పేరు నాగుల్ మీరా. బ్యాటరీలు చార్జింగు పెట్టడం, డైనమోలు చుట్టడం ఆయన పని. బానెట్టు ఎత్తి చూసి, లారీ కిందకి దూరి, చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"బ్యాటరీ తప్పేం లేదమ్మా. ఒక్కటే రెండు సంసారాలు మోస్తోంది. ఈ డైనమో బండి పరిగెడితేనే కరెంటిస్తుంది. మీ బండి పరిగెత్తేది తక్కువ, నిలబడేది ఎక్కువ."

"మరెట్లా?"

"డైనమో తీసి ఆల్టర్నేటరు పెడదాం. నిలబెట్టి ఇంజను తిప్పినా చార్జి ఎక్కుతుంది. గదికి ఒక బ్యాటరీ, ఇంజనుకి ఒక బ్యాటరీ. మధ్యలో స్విచ్చి. బండి ఆగగానే రెండూ విడిపోయేట్టు చిన్నబాబు ఆ స్విచ్చి లేపాలి. ఇంక మీరు తెల్లార్లూ లైటేసుకోండి. ఇంజను బ్యాటరీ జోలికి ఏదీ పోదు."

పక్క కొట్లో టైర్లకి పంక్చర్లు వేసే కాలేషా అంతా వింటున్నాడు. "డైనమోలు చుట్టుకునేవాడివి, ఆల్టర్నేటరు ఎప్పుడైనా చూశావటోయ్?" అని అరిచాడు.

"నిఖా కాకముందు మీ ఆవిణ్ణి చూశావా నువ్వు?" అన్నాడు మా ఆయన.

"చూళ్ళేదు. అందుకే చెప్తున్నా."

నర్సమ్మ కూడా నవ్వింది. ఆ నెలల్లో బందరులో నవ్వు వినబడడమే అపురూపం.

ఆయన గుడివాడ వెళ్ళి, లారీల సామాన్లు అమ్మే కొట్లో నాలుగు రోజులు కూర్చుని ఆల్టర్నేటరు పని నేర్చుకున్నాడు. వచ్చాక కొట్టు గోడ మీద బొగ్గుతో బొమ్మ గీశాడు. ఇది ఇంజను బ్యాటరీ, ఇది గది బ్యాటరీ, ఇదిగో స్విచ్చి అని వేలితో చూపించి నాకు చెప్పాడు. అప్పటికి నాకు చదువు రాదు. ఆయన పోయాక, నలభై ఆరేళ్ళప్పుడు అక్షరాలు దిద్దాను. కానీ ఆ బొమ్మ మాత్రం నాకు ఆ రోజే అర్థమైంది.

కొట్లో నా పని నీళ్ళు, యాసిడ్. కొత్త బ్యాటరీలు పొడిగా వస్తాయి. నీళ్ళలో కొంచెం కొంచెంగా యాసిడ్ పోసి కలిపి, చల్లారాక అరల్లో నింపాలి. యాసిడ్ జాడీ మూతకి ఎర్ర గుడ్డ, నీళ్ళ జాడీ మూతకి తెల్ల గుడ్డ కట్టుకునేదాన్ని. నీళ్ళంటే నుయ్యి నీళ్ళు కావు, పంపు నీళ్ళు కావు, వాన నీళ్ళు. పెరట్లో నాలుగు కర్రలకి ఉతికిన పంచె కట్టి, మధ్యలో రాయి వేసి, కింద గాజు జాడీ పెట్టేదాన్ని. మొదటి పావుగంట వాన వదిలెయ్యాలి. చూరు మీంచి కారినవి పనికిరావు. ఆకాశంలోంచి తిన్నగా గుడ్డలో పడ్డవే బ్యాటరీకి. పట్టాక ఒక చుక్క నాలిక మీద వేసుకుని చూడాలి. ఏ రుచీ తెలియకూడదు. మా అత్తగారు నేర్పిన పద్ధతి ఇది. పద్నాలుగేళ్ళు అలాగే చేశాను.

ఉప్పెన వచ్చిన శనివారం కూడా పట్టాను. పొద్దున్నించీ జల్లు. మధ్యాహ్నానికి గాలి సముద్రం వైపు నించి తిరిగింది. రెండు జాడీలు నిండేసరికి పంచె కర్రలతో సహా ఎగిరిపోయింది. కాసేపటికి ఇంటి రేకులూ ఎగిరిపోయాయి. గోడ కూలింది. నాలుగు రోజుల తర్వాత చూస్తే ఆ రెండు జాడీలూ మంచం కింద ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయి. ఇంట్లో పగలకుండా మిగిలింది అవే. ఎవరో దాచిపెట్టినట్టుగా ఉన్నాయని మురిసిపోయాను.

నర్సమ్మ బ్యాటరీలు రెండూ దిగాక మా ఆయన, "గుడివాడ నించి డిస్టిల్ వాటర్ తెప్పిస్తానే," అన్నాడు.

"మనకి రెండు జాడీలున్నాయిగా బావా. గుడివాడ దాకా ఎందుకు?" అన్నాను. ఆయన నాకు మేనమామ కొడుకు.

"రుచి చూశావా?"

"చూశాను. ఏమీ తెలియలేదు."

అబద్ధం కాదు. చూశాను. ఏమీ తెలియలేదు. రెండు నెలలుగా నూతులన్నీ ఉప్పు తేలాయి. ఆ నీళ్ళే తాగుతున్నాం, ఆ నీళ్ళతోనే అన్నం వండుకుంటున్నాం. నా నోట్లో వేరే రుచి ఎక్కడుంది, పోల్చి చూసుకోవడానికి?

ఒక్కో బ్యాటరీకి ఒక జాడీ. నేనే కలిపాను, నేనే నింపాను. రెండు రోజులు చార్జింగు పెట్టాం. కొట్టంతా బ్లీచింగు పౌడరు వాసన వేసింది. నేను పట్టించుకోలేదు. మునిసిపాలిటీ వాళ్ళు వీధంతా చల్లుతూనే ఉన్నారు. ఆ శీతాకాలం బందరు వాసనే అది.

లారీకి అన్నీ బిగించాక మా ఆయన చిన్నబాబుని సెల్ఫ్ కొట్టమన్నాడు. ఇంజను ఒక్క దెబ్బకి లేచింది. గదిలో లైటు వేశారు, ఫాను వేశారు. సాయంత్రం దాకా అలా వెలిగించి ఉంచి మళ్ళీ సెల్ఫ్ కొట్టారు. మళ్ళీ లేచింది. కాలేషా వచ్చి లారీ చుట్టూ తిరిగి చూసి, "సరేలే, మా ఆవిడ కంటే నయమే," అన్నాడు. నర్సమ్మ మా ఆయన చేతిని తన రెండు చేతుల్తో పట్టుకుని కళ్ళు మూసుకుని ఏదో ప్రార్థన చేసింది. మా ఆయన సిగ్గుపడి, చెయ్యి ఎప్పుడు వదుల్తుందా అని నా వైపు చూశాడు.

ఆ ఫిబ్రవరంతా ఆయన నడకే వేరుగా ఉంది.

మార్చి రెండో వారంలో చిన్నబాబు బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. లారీ లేకుండా ఆ మనిషిని చూడడం అదే మొదలు. కొట్టు గడప మీద కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే తాగలేదు.

"బండి చచ్చింది మేస్త్రీ."

"ఏదీ, గదిదా?"

"రెండూ. మొన్న సాయంత్రం. లైటు పోయింది. స్విచ్చి వేసి చూశాను, ఇంజనుదీ పోయింది. సెల్ఫ్ కొడితే టిక్కుమని కూడా అనలేదు."

"స్విచ్చి లేపడం మర్చిపోయావా?"

"నా బిడ్డల మీద ఒట్టు. బండి ఆగగానే లేపాను."

తర్వాత మిగతాది చెప్పాడు. నాగాయలంక అవతల ఒక పల్లెలో ఉన్నారట. సత్యవతి అని ఒక పిల్ల. మొగుణ్ణీ, అత్తమామల్నీ, ఇద్దరు పిల్లల్నీ ఉప్పెన తీసుకుపోయింది. అప్పటికే కడుపుతో ఉంది. ఆ సాయంత్రం నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది, అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్ళాలంది నర్సమ్మ. లారీ బల్ల మీద పడుకోబెట్టారు. ఇంజను లేవలేదు. తోద్దామంటే కాలవ గట్టు పక్క మెత్తటి నేల, చక్రం కదల్లేదు. బండి కడదామంటే ఊళ్ళో ఒక్క ఎద్దు మిగల్లేదు. మంచం మీద వేసుకుని మోశారు.

"నలుగురు నలుగురు మారుకుంటూ మోశాం. నాలుగ్గంటలు పట్టింది," అన్నాడు చిన్నబాబు. "పిల్ల బతికింది. బిడ్డ దక్కలేదు."

మా ఆయన లేచి గోడ మీది బొగ్గు బొమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

వారం రోజులు అక్కడే నిలబడ్డాడనిపిస్తుంది ఇప్పుడు తల్చుకుంటే. బొమ్మ తుడిచేవాడు, మళ్ళీ గీసేవాడు. బల్ల మీద వైర్లు పరిచి, మిగిలిన స్విచ్చి ముక్కతో అదంతా మళ్ళీ కట్టి చూసేవాడు. "రెండూ ఒకేసారి పోవడం ఏంటే? వేరు చేసి పెట్టానుగా. వేరు చేసినవి రెండూ ఒక్కరోజే పోయాయంటే వేరు కాలేదన్నమాట. ఎక్కడో నా వైరే రెండింటినీ కలిపింది," అనేవాడు. తినేవాడు కాదు. రిపేరుకొచ్చిన డైనమోలు విప్పకుండానే తిరిగి పంపేశాడు.

కాలేషా టీకొట్టు దగ్గర, "నే చెప్తే విన్నాడా? తెలిసిన పని చేసుకోక," అన్నాడట. ఆ మాట మా ఆయన దాకా వచ్చింది. పోట్లాటకి వెళ్తాడనుకున్నాను. వెళ్ళలేదు. "నిజమే కదా," అన్నాడు.

ఆ రాత్రే చెప్పాడు. పెడనలో వాళ్ళ అన్న అద్దకం గుడ్డలు ఉతికే పనిలో ఉన్నాడు, తనూ వెళ్ళి అందులో చేరతాడట. చార్జింగు మిషనూ, పనిముట్లూ శుక్రవారం నమాజు తర్వాత కాలేషా వచ్చి పట్టుకెళ్తాడట.

"పెడన వెళ్ళి గుడ్డలుతుకుతావా? ఈ చేతుల్తోనా?"

"ఈ చేతుల్తో ఇంకే పని చెయ్యాలన్నా భయమేస్తోంది ఖాతూన్."

మంగళవారం చిన్నబాబు పాడైన బ్యాటరీలు రెండూ బస్సులో వేసుకుని మా కొట్లో దింపడానికి వచ్చాడు. మా ఆయన ఇంట్లో లేడు. దింపుతూ ముక్కు మూసుకున్నాడు.

"అబ్బ, ఇది ఒకటే కంపు అక్కా. మొదట్నించీ ఇంతే. ఇంజను తిరుగుతుంటే చాలు, బ్యాటరీ పెట్టెలోంచి బ్లీచింగు పౌడరు వాసన. బండిలో బ్లీచింగు బస్తాలున్నాయి కదా, అదేలే అనుకున్నాను."

"బస్తాలు దించేశాక?"

"దించేశాక కూడా," అన్నాడు. అని ఆగి నా మొహం చూశాడు. "ఏమక్కా?"

"ఏం లేదు. నువ్వెళ్ళు."

బ్యాటరీలో ఉప్పు పడితే చార్జి ఎక్కేటప్పుడు బ్లీచింగు వాసనే వేస్తుందని మా అత్తగారు ఎప్పుడో అంది. రెండు జాడీల అడుగునా తలా గ్లాసెడు నీళ్ళు మిగిలి ఉన్నాయి. రెండూ సత్తుగిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాను. వంట చేస్తున్నట్టు పక్కనే కూర్చున్నాను. నీళ్ళు మరిగాయి, తగ్గాయి, ఇగిరిపోయాయి. గిన్నె అడుగున తెల్లగా అట్ట కట్టింది. వేలితో గీకితే గరగరమంది.

గిన్నె మీద మూత పెట్టి అటక మీద దాచాను. మంగళవారం, బుధవారం, గురువారం. మూడు రోజులు. ఆయన గోడ ముందు నిలబడుతూనే ఉన్నాడు. నేను ఆయన వెనక నుంచి వెళ్తూనే ఉన్నాను, వస్తూనే ఉన్నాను. చెప్పకపోతే ఆయన పని పోతుంది. చెప్తే ఆ బిడ్డ చావు నా మీదకి వస్తుంది. అంతకు మించి ఆలోచించడానికి ఏమీ లేదు. అయినా మూడు రోజులు పట్టింది.

శుక్రవారం ఆయన నమాజుకి బయల్దేరుతుంటే గిన్నె తెచ్చి ముందు పెట్టాను.

"ఏంటిది?"

"బ్యాటరీల్లో పోసిన నీళ్ళు. ఉప్పెన రోజు పట్టినవి. మరగబెడితే ఇది మిగిలింది."

ఆయన వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాడు.

"రుచి చూశానన్నావుగా."

"చూశాను బావా. తెలియలేదు. అప్పుడు మన అన్నం కూడా అలాగే ఉంది."

ఆయన గోడ దగ్గరికి వెళ్ళి బొమ్మ వంక చూశాడు. "అయితే నా వైరు సరిగానే ఉంది," అన్నాడు. మళ్ళీ, "సరిగానే ఉంది," అన్నాడు. అప్పుడు ఆయన మొహంలోకి ప్రాణం వచ్చింది. నేను చూడలేక పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం కాలేషా బండి తెచ్చుకుని వస్తే, "అమ్మడం లేదురా," అని వెనక్కి పంపించాడు.

మిషన్ వాళ్ళు మళ్ళీ రెండు బ్యాటరీలు పంపారు. గుడివాడ నించి డిస్టిల్ వాటర్ సీసాలు వచ్చాయి. ఆ సారి యాసిడ్ ఆయనే కలిపాడు. నన్ను కలపమనీ అనలేదు, వద్దనీ అనలేదు. నేను పక్కన నిలబడి సీసాల మూతలు తీసిచ్చాను.

బ్యాటరీలతో పాటు నేనూ వస్తానన్నాను. "నువ్వెందుకు?" అన్నాడు. "వస్తాను," అన్నాను.

నాగాయలంక దాటాక పొలాల మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. లారీ ఆ కాలవ గట్టు పక్కనే, ఆగిన చోటే ఆగి ఉంది. చక్రాల చుట్టూ జనం తోసిన కాళ్ళ గుంటలు ఎండి గట్టిపడ్డాయి. కొత్తగా వేసిన తాటాకు గుడిసెలు ఓ ఇరవై. ఒక గుడిసె ముందు ఒక పిల్ల కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది, సత్యవతి అని. పాలు నిండి రవిక తడిసి ఉంది.

మా ఆయన బ్యాటరీలు బిగించాడు. నర్సమ్మ దగ్గరికి వచ్చి, "ఇంతకీ తప్పెక్కడుంది మీరా గారూ?" అని అడిగింది. గట్టిగా ఏమీ అడగలేదు. అయినా అక్కడున్న పది పన్నెండు మందీ విన్నారు.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "వైరేనమ్మా. నాదే తప్పు. ఇప్పుడు సరిచేశాను," అన్నాడు. నా వైపు చూడలేదు.

ఆ వైరు సరిగ్గా ఉందని తెలిసినప్పుడు ఆయన మొహం ఎలా వెలిగిందో నేను చూశాను. ఆ ఒక్కటీ కూడా నా కోసం తీసి ఇచ్చేస్తున్నాడు.

"కాదమ్మా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "వైరు బాగానే ఉంది. నీళ్ళు. పోసింది నేను. ఉప్పు నీళ్ళు పోశాను."

"ఊరుకోవే," అన్నాడు మా ఆయన.

ఒక ముసలాయన విసుగ్గా, "ఏదో ఒకటి మీరు మీరు తేల్చుకుని చెప్పండి," అన్నాడు.

సత్యవతి లేచి వచ్చింది. "ఉప్పు నీళ్ళు ఎందుకు పోశారు?" అంది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"వాన నీళ్ళమ్మా. ఉప్పెన రోజు పట్టాను. పైనించి పడ్డ నీళ్ళే కదా, మంచివే అనుకున్నాను."

"ఆ వానా?" అంది. "ఆ వాన ఉప్పగానే ఉందిగా. తాడిచెట్టు పట్టుకుని రాత్రంతా అదే తాగాను. నోరంతా మండిపోయింది." నా మొహంలోకి చూసింది. "మీకు తెలియలేదా?"

నా దగ్గరున్న జవాబు, నూతుల సంగతి, అన్నం సంగతి, ఆ పిల్లతో ఎలా చెప్పను? తల అడ్డంగా ఊపాను.

చిన్నబాబు ఎక్కి సెల్ఫ్ కొట్టాడు. ఇంజను ఒక్క దెబ్బకి లేచింది. జనం చక్రాల కింద చెక్కలు వేసి, తోసి, లారీని గట్టి నేల మీదికి ఎక్కించారు.

"నర్సమ్మ గారూ, నన్నోసారి అవనిగడ్డ తీసుకెళ్తారా?" అంది సత్యవతి.

"ఏమ్మా? ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉంది. ఎంతసేపు పడుతుందో చూస్తాను."

నర్సమ్మ ఆ పిల్ల వంక చూసి వెనక తలుపు తీసింది. మా ఆయన ముందు చిన్నబాబు పక్కన కూర్చున్నాడు. మేం ముగ్గురం గదిలో. సత్యవతి బల్ల మీద పడుకోలేదు. బల్ల అంచు పట్టుకుని, కిటికీ తెర పక్కకి లాగి, బయటికి చూస్తూ కూర్చుంది. గతుకుల్లో మందుల సీసాలు ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. మంచం మోసినవాళ్ళు ఎక్కడెక్కడ దించారో ఆ పిల్లకి గుర్తుందనుకుంటాను. రెండు మూడు చోట్ల తల తిప్పి, ఆ చోటు దాటిపోయేదాకా చూసింది.

ఆసుపత్రి గేటు ముందు లారీ ఆగింది.

"వచ్చేశామా?" అంది.

"వచ్చేశామమ్మా." నర్సమ్మ చేతి గడియారం చూసుకుంది. "నలభై నిమిషాలు."

"ఇంతేనా," అంది సత్యవతి.

దిగలేదు. బల్ల అంచు మీది చేతులు తియ్యలేదు. నేను పక్కన కూర్చున్నాను. పక్కకి జరగలేదు, నా వైపూ జరగలేదు.

ముందు నించి మా ఆయన గొంతు వినబడింది. "కాసేపు ఆగుతారేమో. ఇంజను ఆపెయ్ చిన్నబాబూ."

చిన్నబాబు ఆపలేదు.

"ఆపెయ్. మళ్ళీ లేస్తుంది."

"ఉండనీ మేస్త్రీ," అన్నాడు చిన్నబాబు మెల్లగా. కోపమేమీ లేదు ఆ గొంతులో. "తిరగనీ."

మా ఆయన కిందికి దిగి, ఎండలో లారీ పక్కన నిలబడ్డాడు. మేం వెనక్కి బయల్దేరేదాకా ఆ ఇంజను తిరుగుతూనే ఉంది.